పెట్టె అడుగున తీర్పు

నేను ఒక నల్లటి ఇనప పెట్టెను, మిలిట్రీ వాళ్లు మోసుకు తిరిగే రకం. కంటోన్మెంటు గేటు బయట రేకుల కొట్లో నన్ను కొట్టి, బిగించి, రంగు పూశారు. కొన్నవాడు చెన్నకేశవులు. మార్కాపురం వైపు పల్లెటూరివాడు, అప్పుడే ట్రైనింగు ముగించిన లారీ డ్రైవరు. నా మూత మీద తెల్లరంగుతో తన నంబరు, పేరు, దిగాల్సిన రైల్వే స్టేషను రాయించాడు. ఆ రాత ఉంటేనే నేను సిపాయి పెట్టెను. లేకపోతే బియ్యం పోసుకునే డబ్బాకూ నాకూ తేడా ఏముంది?

తొమ్మిదేళ్లు అతనితో మంచు కొండలూ ఇసక దిబ్బలూ తిరిగాను. చెడింది సెలవులోనే. బోరు పైపు దగ్గర పక్కచేను మనిషితో మాటా మాటా పెరిగి, కేశవులు పారకర్రతో కొట్టాడు. ఆ మనిషి చెయ్యి విరిగింది. తప్పు మావాడిదే, నేనేం వెనకేసుకు రాను. కేసు, వాయిదాలు, సెలవు దాటిపోవడం, ఆఖరికి ఉద్యోగం ఊడిందని కాగితం. కోర్టు నేరం రుజువైందంది గానీ జైలుకు పంపలేదు. ఏడాదిపాటు బుద్ధిగా ఉండు, నెలనెలా ప్రొబేషన్ ఆఫీసరుకు కనపడు అంది. పన్నెండు నెలలూ కనపడ్డాడు. ఊళ్లో ఎవడు ఎగతాళి చేసినా పళ్లు బిగబట్టుకుని పోయాడే తప్ప నోరెత్తలేదు.

అతనికి ఒకటే ఆశ, మళ్లీ యూనిఫారం తొడగాలని. "గడువు పూర్తిచేసి అర్జీ పెట్టు, నీ తరఫున నేను మాట్లాడతా" అని పాత మేజరు ఫోన్లో అన్నాడట. ఆ మాట పట్టుకునే ఏడాది గడిపాడు. అర్జీ నింపుకుని రమ్మని పిలుపు రాగానే నన్ను మంచం కిందనుంచి లాగి, వెలిసిపోయిన నంబరును తనే కూర్చుని దిద్దాడు.

"ఇంకా తీసుకోనే లేదు, అప్పుడే రంగులేంది బావా?" అంది పెళ్లాం శివలీల.

"తీసుకుంటార్లేవే!"

అర్జీ నింపింది నా మూత మీదే. నింపించింది శివలీల తండ్రి బాలంకయ్య, హవల్దారుగా రిటైరైనాయన. ఆ ఊళ్లో మిలిట్రీ కాగితం ఏదైనా ఆయన చెప్పినట్టు రాయాల్సిందే, అదొక ఆనవాయితీ. 'ఏ కోర్టయినా నిన్ను దోషిగా తేల్చిందా?' అన్న గడి దగ్గర కేశవులు పెన్ను ఆగింది.

"లేదని రాయి అల్లుడా. జైల్లో ఒక్క పూటన్నా ఉన్నావా? మరి శిక్షేంది నీ మొహం!"

"తీర్పు కాగితం ఉంది గద మామా."

"నువ్వు చూపిస్తే గదా వాళ్లు చూసేది? కేసు సంగతి వాళ్లకెట్లాగూ ఎరికే. మిగతాది మనమే మోసుకుపోయి మెడకు చుట్టుకుంటామా?"

ఆ తీర్పు ఇంగ్లీషులో నాలుగు పేజీలు. ఇంట్లో ఒక్కరూ చదవలేదు, కోర్టు ముద్ర చూసే హడలిపోయారు. కేశవులు గడిలో 'లేదు' అని రాశాడు. తీర్పును చింపడానికి ధైర్యం చాలక, నా అడుగున పరిచిన పాత పేపరు కింద దోపాడు.

ఆ మేజరుండే మిలిట్రీ సెంటరులో నన్ను వరండాలో దించి లోపలికెళ్లాడు. తలుపు తెరిచే ఉంది, అంతా విన్నాను. పోలీసుల రిపోర్టు బల్ల మీదుంది. మేజరు హిందీలో, గొంతు పెంచకుండానే అడిగాడు.

"నీకు శిక్ష పడిందని నాకు తెలుసు కేశవ్. తెలిసే పిలిపించాను. 'లేదు' అని ఎందుకు రాశావ్?"

మేజరు రిపోర్టు మూసి పక్కన పెట్టాడు.

"సరే. తీర్పు కాపీ తెచ్చావా? అందులో ఏమన్నా ఉంటే ఇప్పటికైనా చూస్తాను."

"లేదు సాబ్."

అయ్యో, ఇరవై అడుగుల దూరంలో నా కడుపులోనే ఉంది కదరా! ఇన్నేళ్లలో నోరు లేదని ఏడ్చింది ఆ ఒక్క రోజే.

"కొట్టినవాడి కోసం సంతకం పెట్టేవాణ్ణి" అన్నాడు మేజరు. "దాచేవాడి కోసం పెట్టలేను. ఇంక వెళ్లు."

ఇంటికొచ్చాక శివలీల నన్ను ఖాళీ చేస్తుంటే కాగితం దొరికింది. ఈసారి ఆమె తండ్రిని అడగలేదు. బడి పంతులమ్మను పిలుచుకొచ్చి చదివించింది. చివరి పేజీకొచ్చాక పంతులమ్మ ఆగి, తెలుగులో చెప్పింది: 'ఇతడు తొమ్మిదేళ్లు మచ్చ లేకుండా పనిచేసిన సిపాయి. అందుకే జైలు వేయడం లేదు. ఈ తీర్పు ఇతని ఉద్యోగానికి అడ్డు కారాదని కోర్టు ఆశిస్తోంది.'

"మళ్లా చదవండి మేడం" అన్నాడు కేశవులు. ఆమె మళ్లీ చదివింది.

"ఇంగ్లీషులో ఏడిస్తే మనకేం తెలుస్తది?" అని బాలంకయ్య చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆయన పెద్దరికానికి ఏ లోటూ రాలేదు. ఇప్పటికీ ఊరంతా ఆయన చేతే అర్జీలు రాయించుకుంటోంది.

మర్నాడు కేశవులు నా నంబరు మీద నల్లరంగు పూశాడు. ఇప్పుడు నాలో బియ్యం పోస్తున్నారు. తీర్పు మాత్రం మళ్లీ నా అడుగునే, బియ్యం కింద ఉంది. దాన్ని ఇప్పుడు ఎవరూ అడగరు. అయినా అతను దాన్ని అక్కడే దాచాడు.