జిగురు మంచం

"నాన్నా, పేషెంటొచ్చింది. తొందరగా రా."

మందాయన అప్పుడే పని నుంచి వచ్చి, భుజానికున్న పంపు దించి, గుమ్మం పక్కన సంచీ పెట్టి, ఒక చెప్పు విప్పి రెండోది విప్పబోతున్నాడు. ఆ వీధిలో అందరూ అతన్ని మందాయన అనే పిలుస్తారు. బొద్దింకలు, చీమలు, చెదలు, ఏవి పట్టి పీడించినా ఒక్క ఫోన్ కొడితే చాలు, పంపు తగిలించుకుని వచ్చి వాటి వంశం లేకుండా చేసి వెళ్తాడు. ఊరందరికీ తెలిసిన ఈ సంగతి ఒక్క మనిషికే తెలియదు. ఆ మనిషి అతని కూతురు.

పిల్లకి ఏడేళ్లు. నిద్రలో తప్ప నోరు మూతపడదు కాబట్టి ఇంట్లో దాని పేరు వసపిట్ట, ముద్దొస్తే పిట్ట. మూడేళ్లప్పుడు తన కాలి కింద చీమ నలిగిపోయిందని పూటంతా అన్నం ముట్టకుండా ఏడుస్తుంటే, వాళ్లమ్మకి ఏమీ పాలుపోక, "ఊరుకోమ్మా, మీ నాన్న పురుగుల డాక్టరు. బాగుచేసి పంపిస్తాడులే" అంది. ఆ పూట గడవడానికి ఆడిన అబద్ధం అది. అప్పట్నుంచీ మొగుడూ పెళ్లాలూ, ఇంట్లోనే ఉండే అతని అత్తగారూ కలిసి దాన్ని నీళ్లు పోసి పెంచుతూనే ఉన్నారు. అతను గుమ్మంలో అడుగుపెట్టగానే "ఈరోజు ఎంతమంది పేషెంట్లు నాన్నా?" అని పిట్ట అడగడం, "బోలెడుమంది తల్లీ, ఊపిరి సలపలేదనుకో" అని అతను చెప్పడం, ఇంట్లో లైటు వేసినంత మామూలైపోయింది. వినేదానికి బాగానే ఉండేది. చెప్పేవాడే రోజూ ఆ మాట అనేసి గబగబా కుళాయి వైపు నడిచేవాడు.

పిట్ట ఫ్రిజ్ ముందు బోర్లా పడుకుని, కిందకి చెయ్యి దూర్చి, ఒక అట్టను బయటికి లాగుతోంది. దాన్ని చూడగానే మందాయన రెండో చెప్పు విసిరేసినట్టు విప్పి లోపలికి వచ్చాడు.

అది జిగురు అట్ట. అందరి ఇళ్లూ శుభ్రం చేసే మనిషి ఇంట్లో బొద్దింకలేమిటని అత్తగారు సాధిస్తుంటే పడలేక, మొన్న తనే పెట్టాడు. ఇదేంటని పిట్ట అడిగితే, "ఇది పురుగుల మంచం. ఒంట్లో బాగోలేనివి వచ్చి దీని మీద పడుకుంటాయి. పొద్దున్నే నేను ఆస్పత్రికి తీసుకెళ్తాను" అని చెప్పాడు. అబద్ధాలాడటంలో అతనికి అప్పటికే చెయ్యి తిరిగిపోయింది.

ఇప్పుడా మంచం మీద, చచ్చిన రెండు బొద్దింకల పక్కన, ఒక బల్లిపిల్ల ఉంది. చిటికెన వేలంత కూడా లేదు. నాలుగు కాళ్లూ, పొట్టా, గడ్డమూ అన్నీ అతుక్కుపోయి ఉన్నాయి. చర్మం ఎంత పలచనంటే లోపల గుండె కొట్టుకోవడం పైకే కనిపిస్తోంది.

"బాగా జబ్బు చేసినట్టుంది నాన్నా. అస్సలు లేవలేకపోతోంది. బాగుచెయ్యి," అంది పిట్ట.

ఆ గొంతులో భయం లేదు, బతిమాలడం లేదు. మా నాన్న ఉండగా దీనికేం కాదన్న ధీమా మాత్రం ఉంది. మందాయనకి ఆ ధీమా చూసే చెమటలు పట్టాయి. ఇది గనక ఈ పిల్ల కళ్ల ముందు చచ్చిపోతే, ఇన్నాళ్ల డాక్టరు కూడా దానితోపాటే పోతాడు.

"ఏంటది, బల్లా?" అని అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసి, చూసినంత వేగంగా పడగ్గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. బల్లంటే ఆవిడకి పై ప్రాణాలు పైనే పోతాయి. తలుపు వెనక నుంచి గొంతు మాత్రం బయటికొచ్చింది. "బాబూ, దాని సంగతి తేలేదాకా నేను బయటికి రాను. అయినా ఎలాగూ పడింది కదా, ఆ అట్టని అలాగే మడిచేసి..."

మందాయన గట్టిగా దగ్గాడు. "అత్తయ్యా, ఇక్కడ వైద్యం జరుగుతోంది. మీరు కాస్త నడుం వాల్చండి."

ఆ అబద్ధంలో తనకీ వాటా ఉందని గుర్తొచ్చిందేమో, "సరే బాబూ" అంది ఆవిడ.

అతను తన చేతులు చూసుకున్నాడు. పొద్దుటి నుంచి మందు కలిపిన చేతులవి. వాటితో ముట్టుకుంటే చంపడానికి ఇక జిగురుతో పని లేదు. కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నాడు. వాసన చూసుకుని, మళ్లీ రుద్దుకున్నాడు.

"ఎందుకు నాన్నా అన్నిసార్లు?"

"డాక్టర్లు అలాగే కడుక్కుంటారమ్మా."

జిగురుకీ నూనెకీ పడదని అతనికి తెలుసు. చొక్కాకి అంటినప్పుడల్లా నూనెతోనే వదిలించుకునేవాడు. చిన్న గిన్నెలో వంటనూనె పోసుకుని, చెవిలో పెట్టుకునే దూదిపుల్ల ముంచి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పిట్ట ఎదురుగా కూర్చుంది. ఊపిరి బిగబట్టి కూర్చుందంటే అదే పెద్ద విశేషం.

ముందు గడ్డం. ముక్కులోకి నూనె పోతే ఊపిరాడదు, కాబట్టి పక్క నుంచి చుక్కగా తాకించాడు. జిగురు తీగల్లా సాగింది. మళ్లీ తాకించాడు. ఇన్నాళ్లూ ఎన్ని వేల ప్రాణాలు తీశాడో లెక్క లేదు గానీ, ఒక్కదాని గడ్డం కింద దూదిపుల్ల ఆనించడానికి ఇంత ఓపిక కావాలని అతనికి ఇప్పటిదాకా తెలియదు. కాసేపటికి తల లేచింది. నోరు తెరిచి అతన్నే కరవబోయింది.

"కోపమొచ్చింది దానికి," అని పిట్ట గుసగుసగా అంది.

"రానీ. కోపమొస్తే బతికినట్టే."

ముందుకాళ్లు వచ్చాయి. ఒక్కో వేలినీ విడిగా వదిలించాల్సి వచ్చింది. పొట్ట వచ్చింది. వెనక కాళ్లలో ఒకటి వచ్చి, రెండోది వస్తుండగా బల్లిపిల్ల ఒక్కసారిగా గింజుకుంది. టప్పున తోక ఊడి అట్ట మీదే ఉండిపోయింది. ఊడిన తోక అక్కడే గిలగిలా కొట్టుకుంటుంటే, అతని అరచేతిలోకి జారిన ఒళ్లు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది.

పిట్ట తోకను చూసింది, ఒంటిని చూసింది, నాన్న మొహం చూసింది.

"చచ్చిపోయిందా?"

అతను అరచెయ్యి వెలుతురు వైపు తిప్పాడు. పలచటి చర్మం కింద గుండె టకటకా కొట్టుకుంటోంది.

"ఇదిగో, చూడు ఇక్కడ. బతికే ఉంది. భయపడి బిగుసుకుంది. తోక మళ్లీ మొలుస్తుంది. మనకే లేదు ఆ సౌకర్యం."

పిట్ట ఒక్కసారి గట్టిగా గాలి పీల్చి, వదిలేసింది. మందాయనకి తన ప్రాణమే లేచొచ్చినట్టయింది. దూదితో నూనె అద్ది తీసి, కడిగిన జాడీలో తడి గుడ్డ వేసి బల్లిపిల్లని అందులో పెట్టాడు. పాత అట్టని మడిచి చెత్తబుట్టలో కుక్కాడు.

"మంచం పారేశావేంటి నాన్నా?"

"మురికైపోయింది. కొత్తవి సంచీలో ఉన్నాయిలే."

"మరి దీనికి అన్నం?"

అక్కడొచ్చింది చిక్కు. బల్లిపిల్ల తినాలంటే బతికున్న చిన్న పురుగు కావాలి. ఈ ఇంట్లో పెద్ద బొద్దింకలు తప్ప దాని నోటికి పట్టే చిన్న పురుగు లేదు, ఉన్నా దాని కడుపులో తన మందే ఉంటుంది. ఈ వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా అంతే, అన్నీ తన ఖాతాలే. ఒక్క ఎదురింటి బైండింగావిడ మాత్రం, పుస్తకాలు కుట్టి అంటించుకుంటూ, అతను ఎన్నిసార్లు అడిగినా మందు గుమ్మం దాటనివ్వలేదు.

"ఇప్పుడే తెస్తా. గడియ వేసుకో తల్లీ, నేను పిలిస్తేనే తియ్యి," అంటూ చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

"నాన్నా, దీనికి నిద్రొస్తున్నట్టుంది. పడుకోబెట్టనా?"

"ఆ, పడుకోబెట్టు," అనేసి వెళ్లిపోయాడు.

బైండింగావిడ తలుపు తీసి, అతన్ని చూసి, కళ్లజోడు పైకి తోసింది. "మందు వద్దని చెప్పాను కదండీ."

"మందు కాదండీ. మీ ఇంట్లో పురుగులేమైనా ఉన్నాయా?"

"ఉంటే మీకెందుకు?"

"బతికున్నవి కావాలి. ఒక బల్లిపిల్లకి."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. వెక్కిరించడానికి నోరు తెరిచి, అతని చేతి నిండా నూనె ఉండటం చూసి మూసుకుంది. లోపలికి తీసుకెళ్లి, మాగిపోయిన అరటిపండు ఉన్న బుట్ట చూపించింది. దాని మీద నుసుములు, ఆవగింజంత ఈగలు, ముసురుకుని ఉన్నాయి. ఇద్దరూ కలిసి సీసా బోర్లించి, కింద నుంచి కాగితం దూర్చి కొన్నిటిని పట్టారు.

"జిగురులో పడిందా? పాపం, ఒళ్లు పులిసిపోయి ఉంటుంది. కదిలించకుండా కాసేపు పడుకోనివ్వండి," అంది ఆవిడ.

పడుకోనివ్వండి అన్న మాట చెవిన పడగానే మందాయన చేతిలో సీసా ఆగిపోయింది. పడుకోబెట్టనా అని పిల్ల అడిగింది. పడుకోబెట్టు అన్నాడు తను. జబ్బు చేసినవి ఎక్కడ పడుకుంటాయో ఆ పిల్లకి చెప్పిందీ తనే. కొత్తవి ఎక్కడున్నాయో చెప్పిందీ తనే.

సీసా ఆవిడ చేతిలో పెట్టి కాళ్లకి బుద్ధి చెప్పాడు. వీధి దాటేసరికి ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. తలుపు తోస్తే రాలేదు. కిటికీ దగ్గరికి ఉరికి చువ్వలు పట్టుకున్నాడు.

లోపల పిట్ట నేల మీద కూర్చుని ఉంది. ఒడిలో కొత్త అట్ట. ఎడమ అరచేతిలో బల్లిపిల్ల. కుడిచేత్తో అట్ట పైకాగితాన్ని జాగ్రత్తగా ఒలుస్తోంది. సగం దాకా ఒలిచేసింది.

"పిట్టా, తలుపు తియ్యి."

"ష్. నిద్రపోతోంది నాన్నా. పడుకోబెట్టి వచ్చి తీస్తా."

"అత్తయ్యా, ఒక్కసారి బయటికి రండి."

"అది పోయిందా?" అంది పడగ్గది.

"లేదు, మీరు రండి ముందు."

"పోయాక పిలువు బాబూ."

మిగతా కాగితం ఊడొచ్చింది. అట్ట తడి తడిగా మెరిసింది. ఈసారి పడితే ఆ తోలు మిగలదు. కిటికీలోంచి చెయ్యి అందదు. మాటే అందాలి.

"ఆ మంచం బల్లులది కాదమ్మా, బొద్దింకలది," అన్నాడు.

"ఇందాక దీని మీదే కదా పడుకుంది?" అంటూ పిట్ట అరచేతిని అట్ట మీదికి దించుతోంది.

"ఆగు."

ఆ కేక అతని నోట ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు. పిట్ట చెయ్యి గాల్లో ఆగింది. కళ్లు పెద్దవి చేసి కిటికీ వైపు చూసింది.

"అది మంచం కాదు తల్లీ. జిగురు. దాని మీద కాలు పెట్టినవి మళ్లీ లేవలేవు. జబ్బు చేసి రావు, బాగున్నవే వచ్చి అతుక్కుంటాయి. చావాలనే పెడతారు."

"ఎవరు పెడతారు?"

చువ్వలు అతని చేతుల్లో జారిపోతున్నాయి. నూనె వల్లో, చెమట వల్లో తెలియలేదు.

"నేనే."

"మరి పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్లేవి?"

"ఆస్పత్రి లేదమ్మా. చెత్తకుండీలో పడేస్తాను. నేను డాక్టర్ని కాదు. వాటిని చంపడమే నా పని."

పిట్ట ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని అతను ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఒడిలోని అట్టని కాలితో దూరంగా నెట్టి, బల్లిపిల్లని జాడీలో పెట్టి, లేచి వచ్చి గడియ తీసింది. అతను లోపలికి అడుగు పెట్టేసరికి, జాడీని అతని వైపున్న చేతిలోంచి అవతలి చేతిలోకి మార్చుకుంది.

వెనకాలే బైండింగావిడ నుసుముల సీసాతో, అతని చెప్పుతో వచ్చి నిలబడింది. పిట్ట ఆవిడ మొహంలోకి తలెత్తి చూసింది.

"మీ ఇంట్లో మందు కొట్టరా అండీ?"

"కొట్టనివ్వనమ్మా."

"అయితే దీన్ని మీ ఇంట్లో పెట్టుకుంటారా? మా ఇంట్లో దీనికి బాగోదు."

ఆవిడ మందాయన వైపు చూసింది. అతను తలూపాడు. వాళ్లిద్దరూ వీధి దాటి వెళ్తుంటే గుమ్మంలోనే ఉండిపోయాడు. వసపిట్ట ఎదురింటి గుమ్మం చేరేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ సాయంత్రం బయటి పనులు చూసుకుని ఇంటికొచ్చి సంగతంతా విన్న భార్య, "నేను మొదలుపెట్టినదానికి మీరు దొరికిపోయారు," అని కళ్లు తుడుచుకుంది. మర్నాడు అతను మామూలుగానే పంపు తగిలించుకుని పనికి వెళ్లాడు. వెళ్లక ఏం చేస్తాడు. ఏ ఇంట్లో ఏం కొట్టాడో అతనికే గుర్తు లేదు, ఇంటికి వెళ్లాక ఏం వినాలో అన్నదే మనసులో తిరిగింది.

ఇంటికొచ్చేసరికి పిట్ట గుమ్మంలోనే ఉంది. ఎంతమంది పేషెంట్లని అడగలేదు. అతను పంపూ సంచీ లోపల పెట్టకుండా బయట మెట్టు కింద పెట్టడం మాత్రం చూసింది.

"పొద్దున మూడు నుసుముల్ని తిందట. నాలుగోదాన్ని కూడా పట్టబోయి జారిపడిందట," అంది.

"చూడ్డానికి వెళ్దామా? నన్నూ తీసుకెళ్తావా?"

పిట్ట అతని చొక్కా అంచు పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది. సబ్బు అందించింది. అతను మోచేతుల దాకా రుద్దుకుని, కడుక్కుని, చేతులు చాపాడు. పిట్ట రెండు అరచేతుల్నీ మొహం దగ్గరికి లాక్కుని, కళ్లు మూసుకుని వాసన చూసింది.

"ఇంకా వస్తోంది నాన్నా. ఇంకోసారి కడుక్కో," అంది.

అతను మళ్లీ సబ్బు అందుకున్నాడు. పిట్ట కుళాయి తిప్పి పట్టుకుని పక్కనే నిలబడింది.