ఊరివాడు కాని నవార్రో

బ్లాస్ నవార్రో పొట్టేలును పక్కకి పడేశాడు. మోకాలితో దాని పక్కటెముకలు అదిమి, చెవి కింద కత్తి దించి ఒక్క లాగు లాగాడు. వేడి నెత్తురు ముంజేతి మీదుగా మోచేతి దాకా పాకింది. ఆగస్టు మధ్యాహ్నం, కనుమ మీద పొగమంచు అప్పుడే విడుతోంది. సరిహద్దు రాయికి ఇవతల, అరగాన్ వైపు, బరాన్యా ఊరి ఊట దగ్గర నలభై గొర్రెలు పట్టుబడ్డాయి. అవి అవతలి నవార్ లోయవి. హద్దు దాటిన మందలోంచి పగలైతే ఒక్క పొట్టేలును కోసే హక్కు మేత కావలివాడికి ఉంది. తోలు మాత్రం మందవాడికి తిరిగి ఇవ్వాలి. రెండు లోయలవాళ్ళూ ఆ రాయి మీద చేతులు పెట్టి ఒప్పుకున్న కట్టుబాటు అది.

మంద కాసే ముసలాయన పేరు ఎనేకో. టోపీ తీసి చేత్తో పట్టుకుని, కోత అయ్యేదాకా నిలబడ్డాడు.

"మంచులో దారి తప్పాను. తప్పు నాదే. తోలు ఇప్పించు నాయనా, పోతాను."

"ఇప్పిస్తాంలే, తొందరేముంది తాతా," అన్నాడు పెరోతె కస్తాన్. అతను కావలివాళ్ళ పెద్ద, బ్లాస్ భార్య ఒరోసియాకి అన్న. "మా బావ ఇప్పుడే కదా కత్తి పట్టింది. కానీ బావా, ఇంకోటి!"

"ఒక్కటే కదా కట్టుబాటు," అన్నాడు బ్లాస్.

"చూశార్రా? చుట్టాల గొర్రెల మీద కత్తి ఆడట్లేదు పాపం!"

మిగతా ఇద్దరు కావలివాళ్ళూ పగలబడి నవ్వారు.

అరవై ఏళ్ళ కిందట బ్లాస్ తాత భుజాన ఒక గొడ్డలితో ఈ కనుమే దిగి బరాన్యాకి వచ్చాడు. ఎక్కడివాడివంటే నవార్ అన్నాడు. నవార్రో, అంటే నవార్‌వాడు, అదే ఇంటిపేరై కూర్చుంది. తాతా తండ్రీ జీవితమంతా ఊరి గొర్రెలు కాశారు గాని, సొంత గొర్రె ఒక్కటి ఊరి పచ్చికలోకి తోలలేకపోయారు. ఆ హక్కు ఊరివాళ్ళకే. మొదటిసారిగా ఈ ఏడు బ్లాస్‌ని కావలికి పెట్టారు. మచ్చ లేకుండా నెట్టుకొస్తే, సెప్టెంబరు చివర సాన్ మిగ్వేల్ పండగనాడు ఊరివాడిగా ప్రమాణం చేయిస్తామన్నారు. ఇంకా ఆరు వారాలుంది. ఆ ప్రమాణం కోసం ఎన్ని ఎకసెక్కాలు దిగమింగాడో అతనికే తెలుసు.

పెరోతె రెండో పొట్టేలును తానే పొడిచాడు. మూడోదాన్నీ పొడిచాడు. తర్వాత మెడలో గంట ఉన్న పొట్టేలు కొమ్ములు పట్టుకున్నాడు. మంద మొత్తం నడిచేది దాని వెనకే. అది లేకపోతే ముసలాయన ఒక్క గొర్రెను కూడా కొండ దాటించలేడు.

"దాన్ని ముట్టుకోకు!" ఎనేకో కర్ర అడ్డం పెట్టాడు.

పెరోతె మోచేత్తో ముఖాన ఒక్కటిచ్చాడు. ముక్కు పగిలింది. ముసలాయన తూలిపోతూ బ్లాస్ చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వు మావాడివే కదురా అబ్బీ, ఆ నవార్రో మనవడివి. నువ్వైనా చెప్పరా, కట్టుబాటు ఒక్కటేనని."

"విన్నారా? మావాడట!" పెరోతె ఎగిరి గంతేసినంత పని చేశాడు. "సాన్ మిగ్వేల్ నాడు పెద్దల చెవిన వెయ్యాల్సిన ముచ్చటే ఇది!"

ముసలాయన అడిగింది న్యాయమని బ్లాస్‌కి తెలుసు. ఆ న్యాయం ఇంకెవరి నోట వచ్చినా సరే, తన నోట మాత్రం రాకూడదు. చొక్కా పట్టిన ఆ చెయ్యి విదిలించుకుని, కర్ర లాక్కున్నాడు.

"నేను మీవాణ్ణి కాదు!"

మొదటి దెబ్బ భుజాన పడింది. రెండోది చెవి మీద పడింది. ముసలాయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "మీవాణ్ణి కాదు, కాదు," అంటూ బ్లాస్ కొడుతూనే ఉన్నాడు. కర్ర విరిగితే ముక్కతో కొట్టాడు. తల పగిలి ఊట నీళ్ళు ఎర్రబడ్డాయి. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి.

"చాలు బావా, చాలు," అన్నాడు పెరోతె. ముసలాయన అప్పటికే ప్రాణం విడిచాడు.

నాలుగో రోజు పొద్దున రెండు లోయల పెద్దలూ రాయి దగ్గర కూర్చున్నారు. ఊరివాడు చంపితే ఊరంతా తరతరాలు ఏటా మూడు ఆవులను అవతలివాళ్ళకి తోలాలి. పరాయివాడు చంపితే ఆ మనిషిని అప్పగిస్తే చాలు. పెరోతె రాయి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు.

"కొట్టింది అతనొక్కడే. మేం ఆపాం, వినలేదు."

"బావా!" అన్నాడు బ్లాస్. పెరోతె రాయి మీంచి చెయ్యి తీసి వెనక్కి జరిగాడు.

బరాన్యా పెద్ద లేచాడు. "వీడు ఇంకా ప్రమాణం చెయ్యలేదు. ఎక్కడివాడో పేరే చెబుతోంది. మీవాణ్ణి మీరు పట్టుకుపోండి."

బ్లాస్‌ని రాయి అవతలికి నెట్టారు. అక్కడ ఎనేకో కొడుకులిద్దరు కర్రలతో ఉన్నారు.

"అరగాన్ కుక్కా!" అని పెద్దవాడు దవడ మీద కొట్టాడు. పళ్ళు రాలాయి. చిన్నవాడు మోకాళ్ళు విరగ్గొట్టాడు. ఆ తర్వాత లోయ లోయంతా మీద పడింది. "నేను బరాన్యావాణ్ణి," అని బ్లాస్ ఇవతలివాళ్ళ వైపు చూసి అరిచాడు. అరిచే ఓపిక ఉన్నంతసేపూ అదే అరిచాడు. ఇవతల ఎవరూ కదలలేదు.

పని అయ్యాక వాళ్ళు శవాన్ని కాళ్ళతో ఇవతలికి దొర్లించారు. "ఈ అరగాన్‌వాడు మాకెందుకు? మీరే పూడ్చుకోండి."

"శ్మశానంలో చోటు ఊరివాళ్ళకే," అన్నాడు బరాన్యా పెద్ద.

అప్పటికి ఒరోసియా ఏటవాలు ఎక్కి పరుగున వచ్చింది. మొగుడి ముఖం గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. తలగుడ్డతో నెత్తురు తుడిచి, అతని చంకల కింద చేతులు వేసింది. అన్న వైపు తిరిగింది.

"కాళ్ళు పట్టుకో అన్నా."

"పెద్దలు ఒప్పుకోరే తల్లీ. చోటు లేదంటున్నారు..."

"నాన్న పక్కన నీకని ఉంచిన చోటుంది కదా, అది ఇవ్వు."

పెరోతె పెద్దల వైపు చూశాడు. చెల్లెలు బరువు మోస్తూ అలాగే నిలబడి ఉంది. అతను వంగి బ్లాస్ కాళ్ళు పట్టుకున్నాడు.