కండె మార్చని మగ్గం

పాఠం చెప్పడంలో నాకు వంక పెట్టేవాళ్లు విరుదునగర్‌లోనే లేరని నా గర్వం. ఆ శుక్రవారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక తమిళ పద్యం చెప్పాను. అందులో ఒక నేతగాడి కూతురు అంటుంది: పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మా నాన్న మగ్గం ఒక్కసారీ ఆగలేదు, ఆ చప్పుడు వింటూ నేను హాయిగా నిద్రపోయాను. తండ్రి కష్టం, బిడ్డ నిశ్చింత. అదే అర్థమని బోర్డు మీద రాసి చేతులు దులుపుకున్నాను.

గంట కొట్టాక జోతి అనే పిల్ల ఉండిపోయింది. మా ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే అయినా బడిలో తమిళం తప్ప మాట్లాడుకోం. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి, ఇంటి మాటలో అడిగింది.

"టీచర్, ఆ నాయన చచ్చిపోయినాడు గదా?"

"ఎవరు చెప్పినారే? పాటలో యాడుండాది ఆ మాట?" అని కసిరాను.

"మా ఇంట్లోనూ పవర్‌లూమ్ ఉండాది టీచర్. అయిదు నిమిషాలకి కండెలో దారం అయిపోతాది. మగ్గం నిలిపి వేరే కండె పెట్టాల. పడుగు దారం తెగితే ముడెయ్యాల. మనిషి ఆడించే మగ్గం నిలిచి నిలిచి ఆడతాది. పొద్దంతా నిలవలేదంటే, దాన్ని ఆడించేది బతికుండే మనిషి కాదు."

"నోట్సులో ఉండేది రాయి, పో" అని పంపేశాను. నేనూ నేతగాడి కూతురినే. కోవిల్‌పట్టిలో మా నాయన రాజగోపాలన్ మగ్గం పక్కన, ఉయ్యాల్లో పెరిగినదాన్నే. పదేళ్లుగా ఆ పద్యం చెబుతున్నా ఈ సంగతి నాకు తట్టలేదు. సిగ్గేసింది.

అమ్మ వేలమ్మాళ్ పోయి రెండేళ్లు. నాయన ఒక్కడే ఉంటాడు, డెబ్బై దాటినా మగ్గం మానలేదు. ఆయన్ని చూసి ఆరు నెలలైంది. శనివారం స్పెషల్ క్లాసులంటూ ఫోన్‌తోనే సరిపెడుతున్నాను.

స్టాఫ్ రూమ్‌లోంచి ఫోన్ చేశాను.

"పనిలో ఉండా పాపా, ఆనక మాట్లాడతా" అని ఫోన్ జేబులో వేసుకున్నాడు. కాల్ కట్ చేయడం ఎన్నిసార్లు నేర్పినా ఆయనకు రాదు. వెనక మగ్గం ఆడుతోంది. గోడ గడియారం చూస్తూ విన్నాను. అయిదు నిమిషాలు. ఎనిమిది. పన్నెండు. మగ్గం నిలవలేదు.

తలనొప్పని చెప్పి కోవిల్‌పట్టి బస్సెక్కాను. సాత్తూరు దాటేదాకా జోతిని తిట్టుకున్నాను, ఆ తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

మా వీధి మలుపులోనే చప్పుడు వినిపించింది. నాయన బయట అరుగు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులు ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. లోపల మగ్గం ఆడుతూనే ఉంది.

"ఏం పాపా, లీవా? తింటివా?"

"లోపల ఎవరు నాయనా?"

"మీ అమ్మ" అన్నాడు మామూలుగా. "నెలాయె. నువ్వు అలిసిపోతివి, కూసో, నేను చూసుకుంటా అనింది. కండె మార్చే పని కూడా లేదు దానికి."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే వచ్చి నిలిపేస్తావు."

"విరుదునగర్ పోదాం రా నాయనా. ఇప్పుడే."

"యట్ల వచ్చేది? మగ్గం నిలిస్తే నన్ను లోపలికి రమ్మనింది."

నేను ఆయన చెప్పులు వెతుకుతుండగానే లోపల మగ్గం నిలిచిపోయింది.

నాయన ముఖం వెలిగింది. స్తంభం పట్టుకుని లేవబోయాడు. కాయలు కాసిన ఆ చేతిని నా రెండు చేతులతో పట్టుకున్నాను.

"వదులు పాపా. మీ అమ్మ కాచుకోని ఉండాది."

"ఉండనీ" అన్నాను.

అమ్మను ఆ మాట అన్నందుకు ఏడుపొచ్చింది. గడప అవతల గాజులు కదిలినట్టయింది. నేను అటు చూడలేదు, నాయన చెయ్యి వదల్లేదు.