బ్యాగుల దగ్గర మనిషి

"ఆ బ్యాండేజి పట్టీల డబ్బా ఎందుకు, దండగ బరువు! మనమేమైనా యుద్ధానికి పోతున్నామా?" అన్నాడు భర్త, కొత్త బూట్ల లేసులు బిగించుకుంటూ.

ఆమె పట్టీల డబ్బాని బ్యాగు అడుగుకి తోసేసి, పైన మిగతావి సర్దింది. ఉడకబెట్టిన గుడ్లు, బ్రెడ్డు, అరటిపళ్ళు, మూడు నీళ్ళ సీసాలు, ఫ్లాస్కులో టీ, ఆయనకి చక్కెర లేకుండా విడిగా చిన్న ఫ్లాస్కు, కూతురి చలికోటు, ఆయన చలికోటు. తన చలికోటుకి చోటు మిగల్లేదు కాబట్టి దాన్ని ఒంటిమీదే వేసుకుంది. కొత్త బూట్లు ఒక వారం ఇంట్లో తొడుక్కుని తిరగండి, లేకపోతే మడమలు కోసేస్తాయి అని నెలరోజులుగా చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "అమ్మినవాడికంటే నీకెక్కువ తెలుసా?" అన్నాడాయన. నిజమే, అమ్మినవాడికి అంత తెలియదు. అమ్మినవాడు ఆయన మడమలకి ఇరవై ఏళ్ళుగా మందు రాయలేదు.

ఏటా ఆయన కంపెనీ సెలవులిచ్చినప్పుడు ఆ నేషనల్ పార్కుకి వెళ్ళడం వాళ్ళింట్లో ఆనవాయితీ. అడవిలోంచి రెండు గంటలు నడిస్తే శిఖరం కింద ఒక రాతిబల్ల వస్తుంది. అక్కడినుంచి పైకి గంటంబావు. ఆ దారి ఇరుకు. రాతికి బిగించిన గొలుసు రెండు చేతులా పట్టుకుని ఎక్కాలి కాబట్టి బ్యాగులు పైకి తీసుకెళ్ళనివ్వరు. పోనీ బల్లమీద వదిలేసి వెళ్దామంటే, కోతులు జిప్పులు తీసి మరీ పంచుకుంటాయి. అందుకని ఎవరో ఒకరు బ్యాగుల దగ్గర కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు ఇరవై ఏళ్ళుగా ఆమే.

మొదటి ఏడాది ఆ బల్ల దగ్గరికి రాగానే ఆమెకి కళ్ళు తిరిగి వాంతి అయింది. తనకి రెండో నెల అని ఇంకో పదిరోజులకి గాని తెలియలేదు. ఈలోగా ఆయన ఇంటికొచ్చి వాళ్ళమ్మతో "దీనికి ఎత్తు పడదే" అని తేల్చేశాడు. అసలు కారణం తెలిశాక కూడా ఆ తీర్పుని ఎవరూ రద్దు చేయలేదు. "పోనీలేమ్మా, దూరపు కొండలు నునుపు. కింద కూర్చుని చూస్తేనే అందం," అని అత్తగారు ఓదార్చింది. ఇల్లు కొనేటప్పుడు మూడో అంతస్తులో గాలీ వెలుతురూ ఉన్న ఇంటిని కాదని, దీనికి ఎత్తు పడదంటూ కింద చీకటి గదులు కొన్నారు. చుట్టాలందరికీ తెలుసు, ఆమెకి ఎత్తంటే భయమని. అటకమీద సామాన్లు దింపడానికో, ఫ్యాను రెక్కలు తుడవడానికో స్టూలెక్కినప్పుడు మాత్రం నీకు ఎత్తు పడుతుందా అని ఒక్కరూ అడగలేదు. అందరూ అన్ని సార్లు అన్నాక ఆమెకే అనుమానం పట్టుకుంది. ఆ భయం తనదా, వాళ్ళు ఇచ్చి ఉంచుకోమన్నదా? తెలుసుకోవాలంటే ఎక్కాలి. ఎక్కాలంటే బ్యాగులెవరు చూస్తారు?

బల్లమీద కూర్చోవడం విశ్రాంతి అనుకునేవాళ్ళు ఎప్పుడూ అక్కడ కూర్చోని వాళ్ళే. కూతురికి ఎనిమిదేళ్ళొచ్చాక ఆయన దాన్ని కూడా పైకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. అప్పటినుంచీ ఆ రెండున్నర గంటలూ ఆమె గుండె గుప్పెట్లో పెట్టుకుని కూర్చునేది. పైనుంచి చిన్న రాయి దొర్లిన చప్పుడైనా లేచి నిలబడేది. కిందనుంచి కనిపించాలని కూతురికి పసుపు టోపీ కొన్నది. కానీ ఆ వేళకి ఎండ శిఖరం వెనకనుంచి కళ్ళలో కొడుతుంది. మెడ పట్టేసేదాకా చూసినా నల్లటి రాళ్ళు తప్ప ఏమీ కనిపించేవి కావు. వాళ్ళు దిగివచ్చాక పసుపు టోపీని ముట్టుకుని చూసుకునేది. "ఏమోయ్, హాయిగా కునుకు తీశావా?" అనేవాడాయన, టీకోసం చెయ్యి చాపుతూ.

ఆమె ఉద్యోగం కంటి ఆసుపత్రిలో. పొద్దుటినుంచి సాయంత్రందాకా చీకటి గదిలో నిలబడి, గోడమీది అక్షరాలు చూపించి, అద్దాలు మార్చి మార్చి "ఇప్పుడు కనిపిస్తోందా? ఇదా, అదా, ఏది బాగుంది?" అని అడగడం. పెద్ద డాక్టరు ఆమె రాసిన కాగితం కింద సంతకం పెడతాడు. "మీకేం మేడం, అక్షరాలు చదివించడమేగా పని," అంటాడు నవ్వుతూ. ఇంట్లో వాళ్ళ కళ్ళు చూసేది కూడా ఆమే. భర్తకి దగ్గరి చూపు తగ్గింది. దూరపు చూపు మాత్రం సిక్స్ బై సిక్స్. "నావి గద్ద కళ్ళు," అని ఆయన మురిసిపోతాడు. ఆ మాట నిజమేనని ఆమె ఏటా పరీక్ష చేసి మరీ చెబుతుంది.

ఈసారి అడవిదారిలో గంట గడిచేసరికి ఆయన నడక మారింది. ఇంకో అరగంటకి కుంటడం మొదలైంది. రాతిబల్ల చేరేసరికి బూట్లు విప్పి రెండు మడమలూ పైకెత్తి చూపించాడు. మేజోళ్ళకి రక్తం అంటింది. ఆమె బ్యాగు అడుగునుంచి పట్టీల డబ్బా తీసింది. దండగ బరువు అన్న మాట ఆయన నోటిదాకా వచ్చి వెనక్కిపోవడం కనిపించింది. మోకాళ్ళమీద కూర్చుని, మడమలు కడిగి, మందు రాసి, పట్టీలు వేసింది.

అక్కడినుంచి పైకి తీసుకెళ్ళేది పార్కు గైడు. మెడలో ఈల వేసుకుని తిరిగే నడివయసు మనిషి. అందరూ ఆవిణ్ణి ఈలమ్మ అంటారు. అప్పటికే ఒక కొత్త జంట ఆవిడ పక్కన సిద్ధంగా ఉంది.

"పైన మబ్బు పట్టేలా ఉంది. పన్నెండింటికల్లా శిఖరం చేరకపోతే, ఎక్కడున్నా సరే అందర్నీ వెనక్కి తిప్పేస్తా. ఎవరెవరు వస్తున్నారు?" అంది ఈలమ్మ.

"నా పని ఇంక అయిపోయింది. పాప ఒక్కతే వస్తుంది," అన్నాడు భర్త. "మేమిద్దరం ఇక్కడే కూర్చుంటాం."

మేమిద్దరం. ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. బ్యాగులకి ఒక మనిషి కావాలి, నిజమే. ఆ మనిషి ఇదిగో, కాళ్ళు చాపుకుని కూర్చునే ఉన్నాడు. మరి తనెందుకు? ఇన్నేళ్ళూ బ్యాగులకోసం కూర్చుంది, సరే. ఈరోజు దేనికోసం? ఆసుపత్రిలో రోజూ అరవై మందితో మాట్లాడే మనిషికి ఒక్క మాట పెగలడం లేదు.

"నేనూ వెళ్ళొస్తాను," అంది, పట్టీల డబ్బా మూతకేసి చూస్తూ.

"నువ్వా?" ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. "నీకు ఎత్తు పడదుగా! ఏవమ్మా గైడూ, ఈవిడకి కళ్ళు తిరుగుతాయి. తర్వాత మీకే ఇబ్బంది."

ఈలమ్మ ఆయనకేసి చూడలేదు. "మేడం, ఎత్తంటే భయమా మీకు?"

"తెలీదండీ. ఎప్పుడూ ఎక్కలేదు."

"అయితే పదండి, తెలుస్తుంది. మా పద్ధతి ఒకటుంది. అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళు ముందు నడుస్తారు. మిగతావాళ్ళు వాళ్ళ వెనక. ముందుకు రండి."

ఆమె బ్యాగుని ఆయన పక్కకి జరిపింది. "చక్కెర లేనిది చిన్న ఫ్లాస్కు. ఎడంపక్క జిప్పులో ఉంది. కోతులొస్తే కర్ర చప్పుడు చెయ్యండి," అని అప్పగింతలు పెట్టింది. నాలుగడుగులు వేశాక, గుడ్లమీదకి ఉప్పు ఎక్కడుందో చెప్పలేదని గుర్తొచ్చి వెనక్కి తిరగబోయింది.

"అమ్మా," అంది కూతురు వెనకనుంచి. "నాన్న వెతుక్కుంటాడులే. నడు."

ఎప్పుడూ ఎవరికీ ముందు నడిచిన జ్ఞాపకం లేదు ఆమెకి. పెళ్ళిలో ఏడడుగుల్లో కూడా ఆయనే ముందున్నాడు. వెనక నలుగురున్నారు. వాళ్ళ ఊపిరి మెడమీద పడుతున్నట్టే ఉంది. తను ఆగితే అందరూ ఆగాలి. పన్నెండు దాటితే తనవల్ల అందరూ వెనక్కి పోవాలి. పాప ఏడాదంతా ఎదురుచూసింది, ఆ కొత్త జంట ఎక్కడినుంచి వచ్చారో పాపం. అందరి శిఖరమూ తన రెండు కాళ్ళమీద పెట్టేసిందే ఈ ఈలమ్మ! గొలుసు చల్లగా, తడిగా ఉంది. ఎడమవైపు రాయి, కుడివైపు ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదానికేసి చూడకూడదని రాతి పగుళ్ళే చూస్తూ ఎక్కింది. తీరా పైకి వెళ్ళాక నిజంగానే కళ్ళు తిరిగితే? "నేను చెప్పలేదూ" అన్న మాటని ఇంకో ఇరవై ఏళ్ళు వినాలి. అసలు గ్యాసు కట్టేసిందా? అత్తగారి మధ్యాహ్నం మాత్ర గిన్నె పక్కనే పెట్టిందా? ఆయన పట్టీ ఊడిపోతే? ముందుకి నడుస్తున్నది కాళ్ళే, చెవులు రెండూ ఇంకా బల్ల దగ్గరే ఉన్నాయి.

"ఇలా అయితే పన్నెండుకి చేరినట్టే," అని గొణిగాడు కొత్త పెళ్ళికొడుకు.

ఆమె వెంటనే గొలుసు వదిలి పక్కకి ఒదగబోయింది. అలవాటు. "మీరంతా వెళ్ళండి, నేనిక్కడే కూర్చుంటాను," అనే మాట నాలుకమీదకి దానంతటదే వచ్చేసింది కూడా. ఎన్నిసార్లు అని ఉంటుందో! సినిమాకి టిక్కెట్టు తక్కువైతే, కారులో చోటు చాలకపోతే, ఆసుపత్రిలో సదస్సుకి ఒక్కరినే పంపుతామంటే.

"గొలుసు వదలొద్దు!" ఈలమ్మ గొంతు ఈలకంటే గట్టిగా వినిపించింది. "ఇక్కడ పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు మేడం. నడవడమే. సార్, మీరు ఊపిరి దాచుకోండి, పైన పనికొస్తుంది."

కొత్త పెళ్ళికూతురు కిసుక్కున నవ్వింది. ఆమె మళ్ళీ గొలుసు పట్టుకుంది. ఒక్కో అడుగే చూసుకుంటూ ఎక్కింది. ఒకచోట దారి మలుపు తిరిగి గాలి ఒక్కసారి ముఖానికి కొట్టింది. భయం వేసింది, బాగా వేసింది. కానీ కళ్ళు తిరగలేదు. రాయి రాయిలాగే ఉంది, ఆకాశం ఆకాశంలాగే ఉంది. ఇంతేనా భయమంటే, అనుకుంది. ఇదైతే తను రోజూ పడేదే. ఆయన కారు తాళం చప్పుడు ఆలస్యమైనప్పుడు, అత్తగారు వంటింట్లోకి వచ్చి మూతలు తీసి చూసినప్పుడు.

ఆఖరి మెట్టు ఎక్కేసరికి పన్నెండుకి పది నిమిషాలుంది.

శిఖరం పెద్ద గదంత కూడా లేదు. కూతురు వచ్చి గట్టిగా వాటేసుకుంది. చుట్టూ లోయలు, వాటి వెనక ఇంకా కొండలు, వాటి వెనక నీలంగా ఇంకెన్నో. ఆమెకి ఏడుపు వచ్చింది. ఇంత లోకం ఇక్కడ పరిచి ఉందని వాళ్ళు ఫోటోల్లో చూపించారు గానీ, ఇలా ఉంటుందని చెప్పలేదు. ఎంతసేపు చూసినా కళ్ళు దూరానికే పోతున్నాయి. చివరికి దగ్గరికి, కాళ్ళ కిందికి చూసింది.

రాతిబల్ల.

నడిస్తే గంటంబావు గానీ, చూపుకి చేతికందేంత దూరం. బల్లమీద కాళ్ళు చాపుకున్న మనిషి, పక్కన బ్యాగు. ఆయన వేసుకున్న నీలం చొక్కా, పాదాలకి తెల్లటి పట్టీలు, అన్నీ కనిపిస్తున్నాయి. ఆయన బ్యాగులోంచి ఒక్కొక్కటే తీసి బల్లమీద పరుస్తున్నాడు. ఉప్పుకోసమే అయుంటుంది.

"ఇక్కడికి బల్ల కనిపిస్తుందా?" అంది.

"ఎందుకు కనిపించదు? నా చిన్నప్పుడు నాన్న ఇక్కడే నిలబెట్టి చూపించేవాడు," అంది కూతురు నవ్వుతూ. "అదుగో మీ అమ్మ, మెడ ఎలా సాచి చూస్తోందో చూడు, కొంగలాగా, అనేవాడు. ఇద్దరం తెగ నవ్వేవాళ్ళం."

"చెయ్యి ఊపేవాళ్ళు కాదా?"

"నేను ఊపుతానంటే, ఎందుకే, దిగి వెళ్ళాక కనిపిస్తాంగా అనేవాడు." ఆ మాట పూర్తయ్యేలోపే కూతురి నవ్వు ఆగిపోయింది. "అమ్మా... నీకు మేం కనిపించేవాళ్ళం కాదా?"

"కిందనుంచి చూస్తే ఈ వేళప్పుడు మనం రాళ్ళమే," అంది ఈలమ్మ, నీళ్ళు తాగుతూ. "ఎండ ఎదురు కదా. చెయ్యి ఊపితేనే మనిషని తెలిసేది."

సిక్స్ బై సిక్స్. పరీక్ష చేసింది తనే. అంటే అన్నేళ్ళూ ఆయనకి అంతా కనిపించింది. తను లేచి నిలబడటం, చెయ్యి అడ్డం పెట్టుకోవడం, మళ్ళీ కూర్చోవడం, మళ్ళీ లేవడం, అన్నీ చూశాడు. ఒక్క చెయ్యి ఊపితే పోయే బెంగ అది. ఆమె అంచు దగ్గరికి ఒక అడుగు వేసింది. ఇందాకటి భయం ఎటు పోయిందో తెలియలేదు.

కింద ఆయన బ్యాగు పక్కకి నెట్టి లేచి నిలబడ్డాడు. కుంటుతూ రెండడుగులు ముందుకి వేశాడు. మెడ సాచి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని శిఖరంకేసి చూస్తున్నాడు. ఎండ కళ్ళలో కొడుతున్నట్టుంది. తల అటు తిప్పి, ఇటు తిప్పి వెతుకుతున్నాడు.

"నాన్న మనకోసమే చూస్తున్నాడు," అంటూ కూతురు చెయ్యి పైకెత్తబోయింది.

ఆమె ఆ చెయ్యిని మెత్తగా పట్టుకుని ఆపింది.

"ఉండవే. ఒక్క నిమిషం వెతకనీ. ఆ తర్వాత నేనే ఊపుతాను."