అటు పక్క బువ్వ

"మితంగా తినాలమ్మా" అన్నాడు జగిత్యాల డాక్టరు, నా షుగరు కాగితం చూస్తూ. నేను నోరు తెరిచేలోపే పక్కన కూర్చున్న మా ఆయన బాలరాజు నవ్వాడు. "గదే సార్, ఎంత జెప్పినా ఇనదు. నోరు కట్టుకోదు." కోరుట్ల వచ్చేదాకా ఆ మాట నా చెవిలోనే ఉంది. పెళ్ళయిన నాటి నుంచి నేను చేస్తున్నదే నోరు కట్టుకోవడం. ఇంకా ఎక్కడ కట్టుకోవాలో అర్థం కాలేదు.

కోరుట్ల బస్టాండు దగ్గర మాకు హోటల్ ఉంది. మొదట్లో ఇడ్లీ, పూరీ అమ్మేవాళ్ళం. తర్వాత ఆయన ఏసీ పెట్టించి, బోర్డు మీద ఫ్యామిలీ రెస్టారెంట్ అని రాయించాడు. "పల్లెం చూస్తెనే కడుపు నిండాలె" అనేది ఆయన సిద్ధాంతం. ఒక్కరికని చెప్పి తెచ్చే బిర్యానీ ముగ్గురికి సరిపోతుంది. అంత ఎవరూ తినలేరని ఆయనకూ తెలుసు. కానీ గుట్టలా పోసిన పల్లెం బల్ల మీదికి వస్తుంటే చుట్టుపక్కల వాళ్ళు తల తిప్పి చూడాలి, అదీ ఆయన గొప్ప. ఆ గుట్టకు కావలసిన ఉల్లిగడ్డలు, అల్లం ముద్ద, మసాలా, అన్నం, కూరలు అన్నీ ఇంటి వెనక పొయ్యిల దగ్గర నా చేతుల మీదుగానే పోతాయి. తెల్లారకముందు మొదలుపెడితే పొద్దెక్కాక ఆటో వచ్చి గిన్నెలు తీసుకుపోతుంది. జీతం లేని పని కాబట్టి దాన్ని ఎవరూ పని అనరు. "మా ఇంటామె ఖాళీగనే ఉంటది" అని ఆయన గిరాకీలతో చెప్పడం నేనే విన్నాను.

పెద్ద పల్లెం ముందు కూర్చున్న మనిషి తన వైపు నుంచి తింటూ పోతాడు. సగం కాకముందే చేయి ఆగిపోతుంది. గుట్టకు అటు పక్కన మాత్రం ఎవరి చేయీ తగలదు. దాన్ని గరిటెతో జాగ్రత్తగా తీసి డబ్బాలో వేసి మా ఆయన ఇంటికి తెస్తాడు. మా ఇంట్లో దానికి పేరు కూడా పెట్టారు, అటు పక్క బువ్వ. మొదటిసారి తెచ్చిన రోజు నేను మొహం తిప్పుకుంటే మా అత్త పోశవ్వ దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పింది. "ఎంగిలి కాదు బిడ్డ, అటు పక్కది. బువ్వ పారేస్తె పాపం తాకుతది. ఆడిదాని కడుపుకు లెక్కేంది, ఉంటె తింటది, లేకుంటె పంటది."

ఆయనకు, అత్తకు, మా కొడుక్కు వేడి అన్నం. నాకు డబ్బా. ఒక్కోరోజు డబ్బా మూత పట్టకుండా ఉంటుంది, పారేయలేక అంతా తింటాను. ఒక్కోరోజు అడుగున నాలుగు మెతుకులుంటాయి, వాటితోనే పడుకుంటాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఎంత వదిలేస్తే అంతే నా ఆకలి. ఇప్పుడు ఒళ్ళొచ్చింది, షుగరొచ్చింది, నేను మితం లేని మనిషినయ్యాను.

నన్ను కన్న అవ్వ రాజవ్వ ఎల్లారెడ్డిపేటలో కూలికి పోయేది. మాకు పెట్టి కుండ బోర్లించేది. "నువ్వు తిన్నవా అవ్వా" అని అడిగితే "తిన్న బిడ్డ" అనేది. చిన్నదాన్ని, నమ్మేదాన్ని. ఆమె పోయిన రోజు స్నానం చేయిస్తుంటే పొట్ట వెన్నుకు అంటుకొని కనిపించింది. అప్పటిదాకా ఆమె ఒంటిని నేను ఎప్పుడూ చూడలేదు. మూడో రోజు కాకి ముట్టాలని, పిట్టకు పెట్టడానికి ఆమెకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరి నిండా పోశాం. బతికుండగా ఆమె ముందు అంత అన్నం ఎన్నడూ లేదు. ఆ విస్తరి తలచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం ఆగదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు ఆగిపోయాయి, హోటల్‌కు గిరాకీ పడిపోయింది. పల్లెం మాత్రం తగ్గలేదు. "గిప్పుడు తక్కువ పెడితె హోటల్ మునిగిందంటరు" అన్నాడాయన. వండినదంతా తిరిగి ఇంటికి రావడం మొదలైంది. కరెంటు సరిగా లేదు, ఫ్రిజ్‌లో పెట్టినా పాడైపోతుంది. "జర తిను, పాడైతది" అని పొద్దున అనేవాడు. "జర మితంగ తిను" అని రాత్రి అనేవాడు. రెండూ ఒకే నోటితో.

ఆ రోజుల్లోనే, సమ్మెలో భాగంగా, మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. మా గల్లీలో బీడీలు చేసే గౌరవ్వ వచ్చి పిలిచింది. "పో, మన హోటల్‌కు పేరొస్తది" అని మా ఆయన కూడా పంపాడు. రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు, వాటి మీద గుండిగలు, చుట్టూ జై తెలంగాణ అని నినాదాలు. అలవాటు కొద్దీ నేను పొయ్యి దగ్గరికే నడిచి గంటె అందుకున్నాను. గౌరవ్వ నా చేతిలోంచి దాన్ని లాక్కుంది.

"రోజూ వండుతనే ఉంటవు గదా వజ్రా. ఇయ్యాల కూసో."

తారు రోడ్డు మీద వరసగా కూర్చున్నాం. గౌరవ్వ వడ్డిస్తూ వచ్చి నా విస్తరి ముందు వంగింది.

"ఎంత పెట్టాలె చెల్లె?"

"మిగిలినంత పెట్టు అక్కా" అన్నాను.

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. గౌరవ్వ నవ్వలేదు. గంటె అలాగే పట్టుకొని నా మొహంలోకి చూసింది.

"ఇంక ఎవ్వలు తిననే లేదు, ఏం మిగుల్తది? నీకెంత ఆకలైతుందో చెప్పు."

నాకు తెలియలేదు. వేలమందికి వండాను, ఏ మనిషి ఎంత తింటాడో మొహం చూసి చెప్పగలను. నా ఆకలి ఎంతో నాకు తెలియదు. సిగ్గేసింది. సిగ్గు వెనకాలే ఏడుపు వచ్చింది.

గౌరవ్వ ఒక్క గంటె అన్నం పెట్టి, పప్పు పోసింది. "గిది తిను. సాలకుంటె అడుగు, మల్ల పెడ్త." మెల్లగా తిన్నాను. ఇంకో సగం అడిగి పెట్టించుకున్నాను. అది కూడా తిన్నాక చేయి దానంతట అదే ఆగింది. "చాలు అక్కా" అన్నాను. ఎన్నేళ్ళుగానో అందరి నోటా వినే మాట, నా గొంతులో కొత్తగా ఉంది.

మర్నాడు వంట అయ్యాక, ఆటో రాకముందే, గుండిగ మూత తీసి ఒక్క గంటె వేడి అన్నం పల్లెంలో పెట్టుకున్నాను. తర్వాత ఇంకో సగం. పొయ్యి పక్కనే పీట వేసుకొని కూర్చున్నాను. అత్త గడపలో నిలబడి "మొగోళ్ళు తినకముందేనా?" అంది. అయినా తిన్నాను, పల్లెంలో మెతుకు మిగల్చకుండా.

మధ్యాహ్నం మా ఆయన వచ్చి డబ్బా నా ముందు పెట్టాడు. మూత పట్టకుండా ఉంది.

"తిను. అటు పక్కదే."

"నేను తిన్న" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "ఎప్పుడు? మరి గిదెవరు తినాలె?"

"నేను తిన్న."

మా అవ్వ జన్మంతా అన్న మాటే. ఆమె ఒక్కనాడూ తిని అనలేదు.

నేను తిని అన్నాను.