ఆయన వదిలేసిన మాత్రలు

చపాతీ పిండి గిన్నె చేతిలోంచి జారిపోయింది. వంగి తీద్దామంటే తొడలు వంగనివ్వలేదు. గట్టు పట్టుకుని నిలబడ్డాను.

"ఏమ్మే, పిండి పిసికేదానికి కూడా చాతగాలేదా?" హాల్లోంచి ఆయన.

"వయసైపోతాంది కదత్తా," అంది కోడలు భార్గవి, ల్యాప్‌టాప్ సంచీలో సర్దుకుంటూ. "నేను ఆఫీసుకు పోతాండా. పాపకు స్నానం చేయించి పడుకోబెట్టు."

నెల నుంచీ ఇంతే. జడ వేసుకుందామంటే చేతులు తలదాకా లేవవు. మూడేళ్ల మనవరాలిని ఎత్తుకుంటే భుజాలు పీకేస్తాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. మోకాళ్లు పనిచేయడం మానేశాక మా అక్కను పోయినేడు గోపన్‌పల్లిలో వృద్ధాశ్రమంలో చేర్చారు. వారం వారం వస్తామన్నారు. నేనూ అన్నాను. గేటు దగ్గర అక్క ఊపిన చెయ్యి ఇంకా నా కళ్లముందు ఊగుతూనే ఉంది. పుప్పాలగూడలోని ఈ పన్నెండో అంతస్తులో, నా చేతులు ఆడినంత కాలమే నాకో మంచం.

కొట్టు పొట్లాలు విప్పి చదువుకుంటూ అక్షరాలు నేర్చుకున్నదాన్ని. రాత ఉన్న కాగితం పారేయలేను. పాప పడుకున్నాక, నేను రోజూ వేసుకునే కొలెస్ట్రాల్ మాత్రల పెట్టెలో మడిచి ఉన్న కాగితం విప్పి దాని మీద ఫోను కెమెరా పెట్టాను. ఇంగ్లీషు తెలుగైంది. కండరాల నొప్పి. బలహీనత. మూత్రం ముదురు రంగులో రావడం. వెంటనే డాక్టరుకు చెప్పాలి. మూడోది మళ్లీ చదివాను. రెండు రోజులుగా డికాక్షను రంగు చూస్తున్నాను. నీళ్లు తక్కువ తాగుతున్నానేమో అనుకున్నాను.

"మీకు తొడలు నొప్పి పెట్టింది ఈ మాత్రలకే కదా?"

ఆయన పేపరు దించలేదు. "అవును. ఐతే?"

ఐతే! ఆయన నొప్పి అనగానే కొడుకు సెలవు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. మందు మార్పించాడు. తర్వాత అపార్ట్‌మెంటు వైద్య క్యాంపులో నాకూ కొలెస్ట్రాల్ ఎక్కువని తేలితే, "నా పాతవి అట్లనే ఉండాయి కదా, పారేసేదెందుకు, నువ్వేసుకో" అన్నారాయన. రోజూ తన చేత్తో నీళ్ల గ్లాసు అందించారు. యాభై ఏళ్ల కాపురంలో నాకు ఆయన నీళ్లివ్వడం అదే మొదలు. మురిసిపోయి మింగాను. పెళ్లైన కొత్తలో ఆయన తిన్న విస్తట్లోనే తినమంది మా అత్త. అప్పుడూ ఇలాగే మింగాను.

"మీకు పడనివి నాకెట్లా ఇచ్చినారు?"

"అందరికీ పడకుండా పోతాయా? నీది వయసు నొప్పిలే. పో, టీ పెట్టు."

"పాప నిద్రపోతాంది, చూసుకోండి," అని మాత్రల పెట్టె సంచీలో వేసుకుని చెప్పులు తొడుక్కున్నాను.

వరండాలు ఊడ్చే నీలమ్మ లిఫ్టు దగ్గర నన్ను చూసి చీపురు గోడకానించింది. "ఏందమ్మా, గట్ల వణుకుతున్నవ్?" అంది. డాక్టరుకు చూపించుకోవాలన్నాను. "జర ఆగు. బస్తీ దవాఖాన దగ్గర్నే, నేనొస్త."

డాక్టరమ్మ చిన్నపిల్ల. మాత్రల పట్టీ తిప్పి చూసింది. "ఇవి ఇక వేసుకోవద్దు. ఇవాళే రక్తం, మూత్రం పరీక్ష చేయాలి. కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడాలి. మీకెవరు రాశారమ్మా ఇవి?"

"ఎవరూ రాయలేదు తల్లీ. ఆయన వదిలేసినవి."

"మందుల్ల గూడ మొగుని ఎంగిలేనా అమ్మా!" అంది నీలమ్మ. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

సూది తీశాక మోచేతి మడతలో దూది అదిమి పట్టుకున్నాను. భయం పోలేదు. గోపన్‌పల్లి ఆశ్రమం గేటు కళ్లముందే ఉంది.

ఫోను మోగింది. "యాడికి పోయినావే? పాప లేచి ఏడుస్తాంది. నాకు అన్నం ఎవరు పెట్టల్ల?"

"పాపకు పెట్టి మీరూ పెట్టుకోండి," అన్నాను. "ఇంకెప్పుడూ నాకేమీ మిగల్చొద్దు."