చూడిగొఱ్ఱె నడక

మాఘబహుళ దశమినాఁటి ప్రభాతమున నల్లమలకొండల నాశ్రయించిన మంచుతెరలు బాలభానుకిరణస్పర్శచేఁ గ్రమక్రమముగా విడివడుచుండ నాకురాలిన మద్దిచెట్ల నడుమ మోదుగులు పత్రమొకటియైనను లేక పుష్పమాత్రశేషములై కొండచఱియలకు నిప్పంటుకొన్నట్లు భాసిల్లుచుండెను. రాతిరి చలికి బిగిసిన నేల పాదముల క్రింద నింకను రాయివలె గట్టిగా నుండెను.

ఆ సమయమున నాగలూటి వీరభద్రాలయముకడ శ్రీశైలమునకుఁ గాలినడకఁ బయనమైన యఱువదిమంది కురుబలు మూటలు గట్టుకొనుచు నొక యెద్దులబండిని నొక స్త్రీని మార్చిమార్చి చూచుచుండిరి. బండి తొలినాఁడు వారి సామానులను మోసితెచ్చినది. ఇఁకమీఁద బండ్లకు బాట లేదు గనుక నది యూరికి మరలవలయును. ఆ స్త్రీ పేరు ఉరుకుందమ్మ. ఏఁబదియైదేండ్లు దాఁటినది. ఒక్కనాఁటి నడకకే యామె కుడిమోకాలు నూనెలోని బూరెవలెఁ బొంగెను.

గడచిన వానకాలమున విషజ్వరపీడితుఁడై మూఁడువారములు కన్ను దెఱవని తన పెనిమిటి బ్రతికినచో నడుగొకటియైనఁ బరులమీఁద మోపక నడచివచ్చి మల్లయ్యను దర్శించెదనని యామె మ్రొక్కుకొనియెను. అతఁడు బ్రతికెను. గొఱ్ఱెల యీనికకాలమగుటచే మందను విడువలేక యింట నుండిపోయెను. ఇప్పుడు బండియెక్కి మరలినను డోలీయెక్కి ముందునకుఁ బోయినను మ్రొక్కు చెల్లదు. ఈ సంగతి యందఱెఱిఁగినదే గాని శివరాత్రికి నాలుగుదినములే మిగిలినవనియు నందఱెఱుఁగుదురు.

గుంపులోఁ గడు బలిష్ఠుఁడు మద్దిలేటి. అందఱి బియ్యమును దలపై మోయువాఁ డతఁడే. ఈ నడకతో మనము శివరాత్రికిఁ గాదు ఉగాదికిఁ జేరుదుమని యతఁడు నవ్వఁగా నురుకుందమ్మ మోకాలికి నాముదపుటాకు కట్టుకొనుచుఁ దల యెత్తకయే పలికెను.

"ఉగాదికి మల్లయ్య యెక్కడికైనఁ బోవునా అల్లుఁడా?"

గుంపునకుఁ బెద్దయైన కరిబసప్ప పందొమ్మిదిమాఱు లీ బాట నడిచినవాఁడు. ఉరుకుందమ్మకు సొంత మరిది. వదినెను బంపివేసిన నిర్దయుఁడందురు. ఉంచుకొన్నఁ బక్షపాతియందురు. తుదకతఁడు బండివానిఁ బొమ్మని చేసైగఁ జేసి తన చేతి గంటలకఱ్ఱను వదినె కిచ్చి యామెను గుంపునకు ముందు నిలిపి తాను గడపట నిలిచెను. కొందఱు సణిగిరి. అందుల కతఁ డొక్కమాటయే చెప్పెను.

"మంద చూడిగొఱ్ఱె నడక నడవవలయును. పొట్టేలు ముందు నడచిన మంద చెదరును."

కడుపుతోనున్న గొఱ్ఱెతో నురుకుందమ్మను బోల్చినందుల కామె వెనుకనున్న స్త్రీలు కొంగులు నోటి కడ్డముగాఁ బెట్టుకొనిరి. మద్దిలేటికి మాత్రము నవ్వు రాలేదు. మజిలీకడఁ బొయ్యి వెలిగించి యుండెదమని చెప్పి నలుగురు జోడుకాండ్రతో నతఁడు గుంపును దాఁటి పోయెను.

జాముప్రొద్దెక్కుసరికి బాట రెండుగాఁ జీలెను. ఎడమది వెడల్పై చదునై చూచువారిని బిలుచుచున్నట్లుండెను. కుడిది రాళ్లతో నిఱుకై పొదలలోనికిఁ జొచ్చెను. నొప్పికి వెఱచి యడుగడుగునకు నేలఁ జూచుచు నడచుచున్న యురుకుందమ్మ యచ్చట నిలిచెను. ఆమె నిలువఁగా నందఱును నిలిచిరి. ఆమె కఱ్ఱతో దుమ్మునఁ జూపి యెడమబాట మేఁతకుఁ దోలిన పసులు త్రొక్కినదే గాని యాత్రికుల బాట గాదనియు మద్దిలేటి దానినే పట్టినాఁడనియుఁ జెప్పెను. ఎట్లు తెలిసెనని యడిగినవారికి మడమ లోఁతుగా దిగినది గదా తలపై బియ్యమున్నదని బదులు చెప్పెను.

కరిబసప్ప మొగము వెలవెలఁ బోయెను. ఆ దిక్కున నీటిచుక్క లేదని యతఁ డెఱుఁగును. ముందు నడచిన యేండ్లలోఁ దానెన్నఁడును నేలఁ జూచి యెఱుఁగఁడు. కొండకొమ్ములఁ జూచియే నడిచెడివాఁడు. అతఁడు భుజమున వ్రేలాడు కొమ్ముబూరను మూఁడుమాఱు లూఁదెను. అడవి పలుకలేదు. నాలుగవమాఱునకు దూరమునుండి యొక కేక సన్నగా వినవచ్చెను.

ఆ యైదుగురును మిట్టమధ్యాహ్నమునకు మరలివచ్చిరి. వారి సొరకాయబుఱ్ఱ లెండిపోయి యుండెను. నాలుకలును నట్లే యుండెను. ఉరుకుందమ్మ తన నీటిబుఱ్ఱ నందిచ్చెను. అందఱును ద్రావినపిదపఁ దాను ద్రావి మద్దిలేటి మూతి తుడుచుకొని యెవరివైపునుఁ జూడక పలికెను.

"అత్తా, ఇఁక నీ వెనుకనే నడచెదను."

"నడువుము. నా మడమలు మాత్రము త్రొక్కకుము."

మూఁడవనాఁటి యుదయమునకుఁ బెద్దచెఱువు వెనుకఁ బడెను. మోకాలి వాపు తగ్గలేదు. పెరుగనును లేదు. భీమునికొలనుకడఁ బూర్వులెవ్వరో పేర్చిన శిలాసోపానములు వంకలు దిరుగుచు లోయలోనికి దిగుచుండ నురుకుందమ్మ కఱ్ఱ నూని కుడికాలు దింపి యెడమకాలు దాని సరసనే చేర్చి యొక క్షణము నిలిచి మఱియొక మెట్టు దిగెను. ఆమె వెనుక బియ్యపుమూటతో మద్దిలేటియు నట్లే దిగెను. వాని వెనుకవారును నట్లే దిగిరి.

కరిబసప్ప పైమెట్టుమీఁద నిలిచి చూచెను. పందొమ్మిది యాత్రలలో వెనుకఁ బడినవారెవ్వరో యేమైరో మజిలీ చేరినదాఁక నతనికిఁ దెలియకుండెడిది. నేఁడు లోయ యడుగునుండి తన పాదములవఱకుఁ దనవారి తలలన్నియు నొక్కచూపునకు నందుచుండెను. ఎదుటికొండమీఁద నెండ మెట్టుమెట్టుగా దిగి వారి కెదురు వచ్చుచుండెను.